మాత్ర తగ్గాలంటే ముందు కంచం మారాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే అడుగుతున్నాయి, షుగర్ మందులు తగ్గించుకోవచ్చా, అసలు పూర్తిగా మానేయొచ్చా అని. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ పేజీ మొత్తం దానికే కేటాయిస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఇక్కడ రాసింది చదివి ఎవరూ రేపు పొద్దున మాత్ర మానేయకండి. మీ చీటీ, మీ రిపోర్టులు చూసే డాక్టరుతో మాట్లాడటానికి ఇది పనికొస్తే చాలు.

ప్రశ్న: మా వారికి 52 ఏళ్లు. షుగర్ బయటపడి నాలుగేళ్లయింది. బరువు 86 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు పొద్దున వేసుకుంటున్నారు. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 7.9 వచ్చింది. ఎరువుల కొట్లో కూర్చుని చేసే పని. డాక్టరు గారు ఇంకో మాత్ర కలుపుతానంటే ఈయన వద్దంటున్నారు, పైగా ఉన్నవే మానేస్తానంటున్నారు. ఆయన స్నేహితుడొకరు నెల రోజులు అన్నం మానేసి మాత్రలన్నీ ఆపేశారట. నిజంగా అలా అవుతుందా? - ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అవుతుందమ్మా. అందరికీ అవదు గానీ మీ వారి విషయంలో ఆశ పెట్టుకోవచ్చు. షుగర్ వచ్చి నాలుగేళ్లే అయింది, ఇన్సులిన్ దాకా పోలేదు, తగ్గించుకోవడానికి ఒంట్లో బరువుంది. సరిగ్గా ఇలాంటివాళ్ల మీదే బ్రిటన్‌లో గ్లాస్గో, న్యూకాజిల్ విశ్వవిద్యాలయాల వాళ్లు డైరెక్ట్ అనే పరిశోధన చేశారు. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు, దాదాపు 300 మంది. 2017లో ఫలితాలు వచ్చాయి. బరువు తగ్గించే పద్ధతిలో పెట్టిన వాళ్లలో ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మాత్ర లేకుండానే షుగర్ అదుపులో ఉంది. మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో అది 4 శాతమే. ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది బరువు లెక్క. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లలో 86 శాతం మందికి షుగర్ వెనక్కి తగ్గింది, 10 నుంచి 15 కిలోలు తగ్గినవాళ్లలో 57 శాతం మందికి, 5 నుంచి 10 అయితే 34 శాతం మందికి. బరువు పెరిగినవాళ్లలో ఒక్కరికీ తగ్గలేదు.

ఎందుకిలా అంటే, ఏళ్ల తరబడి అవసరానికి మించి తిన్నది కాలేయంలో కొవ్వుగా పేరుకుంటుంది. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేసి రాత్రంతా చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, పరగడుపున షుగర్ ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఆ కొవ్వే పాంక్రియాస్‌లోకీ చేరి ఇన్సులిన్ తయారుచేసే కణాలను నీరసింపజేస్తుంది. కొవ్వు కరిగితే, ఆ కణాలు ఇంకా బతికే ఉంటే, మళ్లీ పని అందుకుంటాయి. షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లయినకొద్దీ ఆ అవకాశం తగ్గుతూ పోతుంది కాబట్టే మీ వారిని ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను.

అయితే ఆ పరిశోధనలో వాళ్లు మూడు నుంచి అయిదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీలతో, అదీ పొడి కలుపుకుని తాగే ఆహారంతో గడిపారు. మాత్రలు మొదటి రోజే ఆపారు, నిజమే, కానీ నర్సులు, డైటీషియన్లు వెంటే ఉండి చూసుకున్నారు. మీరు ఇంట్లో అలా చేయొద్దు. మెల్లగా తగ్గించినా దారి అదే.

స్నేహితుడి సంగతికొస్తే, ఆయన ఏ మాత్రలు వాడేవారో, ఆపాక షుగర్ ఎంతుందో మనకు తెలియదు. మాత్రలు ఆపిన నెలలో బాగానే ఉన్నానని చెప్పడానికి అర్థం లేదు, షుగర్ 250 ఉన్నా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. మందులన్నీ ఆపేసి కనీసం మూడు నెలలు గడిచాక కూడా హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ ఉంటేనే షుగర్ వెనక్కి తగ్గినట్టు లెక్క. 2021లో అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు కలిసి పెట్టిన కొలత ఇది.

ఇక అన్నం. పూర్తిగా మానేయమని నేను చెప్పను, నెల తర్వాత ఏ పెళ్లి భోజనంలోనో కట్ట తెగిపోతుంది. ముందు ఒక పని చేయండి. రేపు మధ్యాహ్నం ఆయన రోజూ పెట్టుకున్నంత అన్నం కంచంలో పెట్టుకున్నాక, పప్పు వేసుకోకముందే దాన్ని వంటింటి త్రాసు మీద తూచండి. మారు వడ్డించుకునేది, చివర్లో పెరుగన్నం కూడా కలపండి. మన ఇళ్లలో అది 350, 400 గ్రాములు ఇట్టే దాటుతుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే ఒక్క పూటకే వంద గ్రాములు పైన. దాన్ని 150 గ్రాములకు దించితే 42కి వస్తుంది. మాత్ర చేయాల్సిన పని కొంత ఇక్కడే తగ్గిపోతుంది.

కానీ అన్నం తగ్గించి ఊరుకుంటే మనిషి మూడు గంటలకల్లా నీరసపడి కొట్టు పక్కన పునుగుల బండి దగ్గర తేలతాడు. తగ్గిన చోట వేరేది రావాలి. మన భోజనంలో కూరనేది అన్నంలోకి ఆదరువు, గరిటెడు కూరకి ముద్దలు ముద్దలు అన్నం. దాన్ని తిరగేయాలి. ముందు ఒక గిన్నె నిండా బీరకాయో దొండకాయో తోటకూరో అన్నం లేకుండా తినేయాలి. తర్వాత గట్టి పప్పో, రెండు కోడిగుడ్లో, చేప ముక్కలో, ఉడికించిన శనగలో తినాలి. అన్నం చివర్న. అదే భోజనం ఈ వరసలో తింటే తిన్న తర్వాత షుగర్ పెరగడం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా రోజంతా తినే కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది, మనం తినేది దానికి చాలా పైన ఉంటోంది. షుగర్ ఉన్నా లేకపోయినా మీ ఇంట్లో అందరూ ఇలాగే తింటే మంచిది. ఆయన ఒక్కడికి వేరే వంట, వేరే కంచం అంటే ఎన్నాళ్లో సాగదు.

పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ తినే అలవాటుంటే దాని బదులు ఉప్మా లేకుండా పెసరట్టు, పక్కన ఒక గుడ్డు. కొట్లో కూర్చునేవాళ్లకి టీ ఎన్నిసార్లు వస్తుందో లెక్కుండదు. కప్పుకి రెండు చెంచాల పంచదార చొప్పున మూడు టీలంటే ఆరు చెంచాలు, అది మాత్రం ఈ రోజే ఆపేయమనండి, బెల్లం వేసినా తేనె వేసినా అంతే. మధ్యాహ్నం, రాత్రి తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవాలి. పొద్దున్నే గంట వాకింగ్ చేసి రోజంతా కూర్చునేవాళ్లకంటే తిన్న వెంటనే కాసేపు నడిచేవాళ్లకు భోజనం తర్వాతి షుగర్ బాగా దిగుతుంది, ఎందుకంటే కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లోపలికి లాక్కుంటుంది. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి దండీలు తీయడం లాంటివీ ఉండాలి, బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా ఉండటానికి.

ఇప్పుడు మాత్రల సంగతి, ఇదే అసలు జాగ్రత్తగా చదవాల్సింది. ఆహారం మార్చే ముందు రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పండి, పలానా తేదీ నుంచి అన్నం సగం తగ్గిస్తున్నాం, గ్లిమెపిరైడ్ ఏం చేయమంటారు అని. ఆ మాత్ర పాంక్రియాస్‌ను పిండి ఇన్సులిన్ తెప్పిస్తుంది, మీరు తిన్నారా లేదా అని చూడదు. అన్నం సగమై మాత్ర అలాగే ఉంటే మధ్యాహ్నం పన్నెండుకి చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడి పడిపోయే ప్రమాదముంది. అందుకే చాలామంది డాక్టర్లు ముందు తగ్గించేది దీన్నే, 2 నుంచి 1కి, తర్వాత రీడింగులు చూసి పూర్తిగా. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోయేలా చేయదు, దాన్ని చివరికి ఉంచుతారు. బీపీ మాత్ర కూడా వాడుతుంటే అదీ చూపించాలి, బరువు దిగేకొద్దీ బీపీ కూడా దిగి, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి.

గ్లూకోమీటరు కొని ఒక నోటు పుస్తకం పెట్టండి. మొదటి రెండు మూడు వారాలు పరగడుపున ఒకటి, ఏదో ఒక భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకటి. పక్కన ఆ పూట ఏం తిన్నారో రాయండి. పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉంటే దారిలో ఉన్నట్టు. రీడింగులు దీనికంటే కిందికే వస్తూ ఉంటే మాత్ర తగ్గించే సమయం వచ్చిందన్నమాట, ఆ పుస్తకం చూస్తే మీ డాక్టరుకీ ధైర్యం వస్తుంది. ఇంకో మాత్ర కలపడానికి మూడు నెలలు గడువివ్వమని అడగడంలో తప్పేమీ లేదు, 7.9 అంటే ఈ రోజే ప్రాణం మీదికి వచ్చే అంకె కాదు. కానీ మూడు నెలల తర్వాత పరీక్షలో దిగకపోతే ఆ మాత్ర వేసుకోవాలి, మీ వారితో ఆ మాట ఇప్పుడే తీసుకోండి.

ప్రశ్న: మా బాపుకు 60 ఏండ్లు, సన్నగా ఉంటడు, 56 కిలోలు. షుగర్ వచ్చి మూడేండ్లు. సిరిధాన్యాలు తింటే షుగర్ పోతదని విని ఏడాదిగా కొర్రన్నం, పొద్దున రాగి జావ. అయినా తిన్న తర్వాత 260, 280 ఉంటున్నది. పైగా ఆరు నెలల్లో నాలుగు కిలోలు తగ్గిండు. మాత్రలు పెంచమంటున్నరు. ఎక్కడ తప్పు జరుగుతున్నది? - ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఆ తగ్గిన నాలుగు కిలోల సంగతి చూడండి, సిరిధాన్యాల సంగతి తర్వాత. సన్నటి మనిషి, షుగర్ ఎక్కువగా ఉండి, ప్రయత్నం లేకుండా ఇంకా సన్నబడుతున్నాడంటే ఒంట్లో ఇన్సులినే సరిపోవడం లేదేమో అని అనుమానించాలి. పెద్ద వయసులో కూడా టైప్ 1 లాంటి షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే తగ్గిపోయే రకం, మెల్లగా మొదలయ్యేవాళ్లున్నారు. సీ-పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ అనే రెండు రక్తపరీక్షలు చేస్తే చాలావరకు తేలుతుంది. పాంక్రియాస్‌లో వేరే జబ్బేమైనా ఉందా అన్నది కూడా డాక్టరు చూస్తారు. ఇన్సులిన్ లేకపోవడమే కారణమైతే మీ బాపుకు ఇన్సులినే మందు, అది మొదలుపెట్టాక మళ్లీ ఒళ్లు చేసుకుంటాడు. అలాంటి మనిషిని ఉపవాసాలు పెట్టించి, అన్నం కోసేసి మాత్రలు తగ్గిద్దామని చూస్తే ప్రాణం మీదికొస్తుంది. ఈ వారమే చూపించండి.

ఇక కొర్రలు. బియ్యం 100 గ్రాముల్లో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే కొర్రల్లో 60 చుట్టుపక్కల, పీచు ఎక్కువ. మంచి ధాన్యమే. కానీ మంచిదన్నారని కంచం నిండా పెట్టుకుంటే వచ్చే చక్కెర కూడా నిండుగానే వస్తుంది. మీ ఉత్తరంలో కొర్రన్నం అని రాశారు, ఎంత అని రాయలేదు. రాగి జావ అయితే నేను షుగర్ ఉన్నవాళ్లకు వద్దనే చెబుతాను. పిండిగా మరపట్టి, నీళ్లలో ఉడికించి, పల్చగా గటగటా తాగితే పీచున్నా ఏం చేస్తుంది, అరగంటలో షుగర్ పైకి పోతుంది. రాగి తినాలని ఉంటే చిన్న సంకటి ముద్ద, దాని పక్కన నాటుకోడి పులుసో ఆకుకూర పప్పో ఉండాలి. మన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన తెలంగాణ సోనా బియ్యం, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నది షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 51 చుట్టూ ఉంటుందని దానికి పేరొచ్చింది. మామూలు సన్నబియ్యం కంటే నయమే, కానీ అదీ తూచి తినాల్సిందే.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. అమ్మ భీమవరంలో. 71 ఏళ్లు, షుగర్ వచ్చి 22 ఏళ్లు, రోజూ ఇన్సులిన్, దానితో డాపాగ్లిఫ్లోజిన్, ఇంకా బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు. రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. ఇక్కడ మా ఆఫీసులో ఒకాయన పిండిపదార్థాలు దాదాపు మానేసి కీటో చేసి అన్ని మందులూ వదిలేశాడు. అమ్మ చేత కూడా చేయించాలని ఉంది. రోజుకి అన్ని మాత్రలు మింగుతుంటే చూడలేకపోతున్నాను. - ఓ పాఠకుడు

జవాబు: మీ బాధ నాకర్థమైంది, దూరాన ఉండి వీడియో కాల్‌లో అమ్మ మాత్రల డబ్బా చూస్తుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కానీ ఆమె చేత కీటో చేయించకండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. అవి వేసుకుంటూ పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేసినా, పస్తులున్నా ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదముంది. దీనిలో మోసమేమిటంటే గ్లూకోమీటరులో షుగర్ 180, 200 మాత్రమే చూపిస్తుంది, అందరూ బాగానే ఉందనుకుంటారు, మనిషికేమో వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. అలా వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకొకటి, ఆ మందు ఆమెకు షుగర్ కోసమే ఇచ్చి ఉండకపోవచ్చు. స్టెంట్ పడిన గుండెకు, కిడ్నీలకు అది కాపుదల ఇస్తుంది, షుగర్ 120కి వచ్చినా డాక్టర్లు దాన్ని కొనసాగిస్తారు. కొలెస్ట్రాల్ మాత్ర కూడా అంతే. మీ సహోద్యోగికి షుగర్ ఎన్నేళ్లదో, ఆయన వయసెంతో, గుండె ఎలా ఉందో చూడకుండా ఆయన పద్ధతి అమ్మకు ఎలా సరిపోతుంది? 22 ఏళ్ల షుగర్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చాలావరకు అలసిపోయి ఉంటాయి.

మీరు చేయగలిగింది మాత్రం ఉంది, అదీ చిన్నదేం కాదు. ఆమె రాత్రి భోజనం ఎన్నింటికి, ఎంత అన్నం, తిన్నాక సీరియల్ చూస్తూ కూర్చుంటుందా, హాల్లో పది నిమిషాలు తిరుగుతుందా అని రోజూ అడగండి. ఇన్సులిన్ మోతాదు దీనితోనే కొన్ని యూనిట్లు తగ్గేవాళ్లున్నారు. యూనిట్లు తగ్గడం కూడా మందు తగ్గడమే. ఆమె వయసుకు హెచ్‌బీఏ1సీ 7.5 దగ్గరున్నా చాలామంది డాక్టర్లు సరేనంటారు, ఇంకా దించాలని పట్టుబడితే రాత్రిపూట షుగర్ పడిపోయే ప్రమాదమే ఎక్కువ. ఆమె ఒక్కతే ఉంటుంటే అది మరీ భయం. వచ్చే పరీక్షకు మీరు ఫోన్‌లో అందుబాటులో ఉండి డాక్టరును సూటిగా అడగండి, వీటిలో షుగర్‌కి ఏవి, గుండెకి ఏవి, ఏదైనా తీసేయొచ్చా అని. కొన్నిసార్లు ఇద్దరు డాక్టర్లు రాసిన ఒకే రకం మాత్రలు రెండు పేర్లతో డబ్బాలో ఉంటాయి. ఒకటి అక్కడే తగ్గొచ్చు.

ప్రశ్న: కార్తీక సోమవారాలు చుక్క చూసేదాకా ఏమీ తినను. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు 58 ఏళ్లు, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ కలిపిన మాత్ర రెండు పూటలా ఇచ్చారు. ఉపవాసం ఉంటే షుగర్ తగ్గుతుందని, ఆ నెలలో మాత్రలు మానేయొచ్చని మా ఆడపడుచు అంటోంది. - ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఉపవాసం ఉండొద్దని చెప్పను. వారానికొక రోజు తినకపోతే ఆ రోజుకి షుగర్ దిగుతుంది, నెల తిరిగేసరికి మాత్రలు మానేయొచ్చనడం మాత్రం తప్పు. మీకు ప్రమాదం ఆ మూడింటిలో మొదటి దానితోనే. పొద్దున వేసుకుని సాయంత్రం దాకా తినకపోతే మధ్యాహ్నానికే షుగర్ 50కి పడిపోవచ్చు. కార్తీకం రావడానికి వారం ముందే డాక్టరును అడిగి, సోమవారం పొద్దుటి మాత్ర ఏం చేయాలో, సాయంత్రం ఎంత వేసుకోవాలో రాయించుకోండి. రంజాన్ ఉపవాసాలకు కూడా ఇలాగే మోతాదు మారుస్తారు, డాక్టర్లకిది కొత్త కాదు. మధ్యాహ్నం పన్నెండుకి, నాలుగుకి వేలు గుచ్చి చూసుకోండి. 70 కంటే తగ్గినా 300 దాటినా ఆ రోజుకి ఉపవాసం ఆపేయాలి, దేవుడికి చెప్పుకుని ఆపేయండి.

మీలా వోగ్లిబోస్ ఉన్న మాత్ర వేసుకునేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అది పంచదారను పేగుల్లో విడిపోకుండా ఆపుతుంది. షుగర్ పడిపోయినప్పుడు పంచదార నీళ్లు తాగినా, పటికబెల్లం చప్పరించినా వెంటనే పని చేయదు. మీకు గ్లూకోజ్ పొడే కావాలి, మందుల షాపులో దొరుకుతుంది, మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగి పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. 70 దాటకపోతే మళ్లీ మూడు చెంచాలు. దాటాక ఏదైనా తినాలి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉండి షుగర్‌ను మళ్లీ కిందికి లాగుతుంది. గుడికి వెళ్లినా ఆ పొట్లం చేతి సంచిలో ఉండాలి. సాయంత్రం చుక్క చూశాక పులిహోర, పరమాన్నంతో మొదలుపెట్టకుండా ముందు మజ్జిగ, కూర, పప్పు తినండి.

ప్రశ్న: మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు పాడవుతాయని, దాని బదులు కాకరకాయ రసం, ఏదో ఆకుల పొడి వాడితే మేలని మా ఊళ్లో ఒకాయన అమ్ముతున్నారు. వాడొచ్చా? - ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. పాడుచేసేది అదుపులో లేని షుగర్, బీపీ. కిడ్నీల పని బాగా తగ్గిపోయినవాళ్లకు ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి మోతాదు తగ్గిస్తారు, మరీ తగ్గితే ఆపేస్తారు. బహుశా అక్కడి నుంచే ఈ మాట పుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు, కాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే ఆ పరీక్ష చేయించుకోండి.

కాకరకాయ కూరగా వారానికి నాలుగు రోజులు తినండి, ఏ ఇబ్బందీ లేదు. రసం మాత్రం గ్లాసులకొద్దీ తాగుతూ పైన గ్లిమెపిరైడ్ వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. ఇక పేరూ ఊరూ లేని పొడి గురించి గట్టిగానే చెబుతాను, వద్దు. షుగర్‌కి మూలికల మందంటూ అమ్మే వాటిలో ఇంగ్లీషు షుగర్ మాత్రలు నూరి కలిపిన సందర్భాలు మన దేశంలోనూ బయటా బయటపడ్డాయి. ఆ పొడి వాడగానే షుగర్ అద్భుతంగా దిగితే అనుమానించాల్సింది అప్పుడే. ఏం కలిపారో, ఎంత కలిపారో తెలియని మాత్రను మింగుతున్నట్టవుతుంది.

ప్రశ్న: ఏడాదిన్నర కష్టపడి 13 కిలోలు తగ్గాను. రాత్రి ఏడింటికే తినడం, తిన్నాక నడవడం, అన్నం ఒక్క పూటే. డాక్టరు గారు మాత్రలు ఒక్కొక్కటే తగ్గించి ఆరు నెలల కింద పూర్తిగా ఆపేశారు. మొన్న హెచ్‌బీఏ1సీ 5.9. ఇక నాకు షుగర్ లేనట్టేనా? పరీక్షలు మానేయొచ్చా? - ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: అభినందనలమ్మా, మనస్ఫూర్తిగా. మీరు చేసింది మామూలు పని కాదు, ఆరు నెలలు మందు లేకుండా 5.9 అంటే పైన చెప్పిన కొలత ప్రకారం మీకు షుగర్ వెనక్కి తగ్గింది.

కానీ తిరిగి వచ్చే గుణం మాత్రం ఉంది. డైరెక్ట్ పరిశోధనలో ఏడాదికి 46 శాతం మందికి తగ్గిన షుగర్ రెండో ఏడు చివరికి 36 శాతం మందికే అదుపులో ఉంది, అయిదేళ్లకు ఆ సంఖ్య ఇంకా బాగా పడిపోయింది, కారణం చాలామందికి బరువు మళ్లీ వచ్చేయడమే. కాబట్టి వారానికొకసారి ఒకే రోజు, ఒకే సమయానికి బరువు చూసుకోండి. మూడు కిలోలు పెరిగితే, పండగలనీ పెళ్లిళ్లనీ వాయిదా వేయకుండా ఆ వారమే మళ్లీ తూచి తినడం మొదలుపెట్టండి, పదమూడు కిలోలూ తిరిగొచ్చాక మొదలుపెట్టడం కన్నా ఇది చాలా తేలిక. హెచ్‌బీఏ1సీ ఈ ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి. పరీక్షకెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తేడాగా కనిపించొచ్చు.

షుగర్ ఉన్న రోజుల్లో కళ్లలో, కిడ్నీల్లో, నరాల్లో జరిగింది ఏదైనా ఉంటే అది మాత్రలతో పాటు ఆగిపోదు. ఏడాదికొకసారి కంటి డాక్టరు చుక్కలు వేసి రెటీనా చూడాలి, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, క్రియాటినిన్, పాదాల్లో స్పర్శ. జ్వరం, ఆపరేషన్, ఎక్కడైనా స్టెరాయిడ్ మందు రాసినప్పుడు, ఒకప్పుడు షుగర్ ఉండేదని ఆ డాక్టరుకి ముందే చెప్పండి. ఆ రోజుల్లో షుగర్ తాత్కాలికంగా పెరిగి కొన్నాళ్లు మాత్ర వేసుకోవాల్సి రావచ్చు. అలా వస్తే ఏడాదిన్నర కష్టం వృథా అయిందని కుంగిపోకండి, వేసుకోండి, తగ్గాక మళ్లీ ఆపుతారు.